ఎమ్12 పజిల్: 12 నంబర్లు, రెండే బటన్లు, నాలుగు రోజులుగా రావట్లేదు

గుంటూరు_క్యూబర్:

నమస్తే అండి. త్రీ బై త్రీ రూబిక్స్ క్యూబ్, అలాంటివే అయిన పిరమింక్స్, మెగామింక్స్ చేస్తాను, కంప్యూటర్‌లో నాలుగు డైమెన్షన్ల క్యూబ్ కూడా ఒకసారి పూర్తి చేశా, రెండు వారాలు పట్టింది కానీ అక్కడ ఏం చేయాలో తెలుసు, కామ్యుటేటర్లతో (రెండు మూవ్‌లు చేసి, అదే వరసలో ఆ రెండిటినీ వెనక్కి తీసుకునే ట్రిక్) ఒక్కో ముక్కనీ కూర్చోబెట్టుకుంటూ పోవడమే. ఇప్పుడు ఎమ్12 అనే చిన్న పజిల్ దగ్గర పూర్తిగా ఆగిపోయా. స్క్రీన్ మీద 1 నుంచి 12 దాకా నంబర్లు వరసగా ఉంటాయి, బటన్లు రెండే. ఇన్వర్ట్ నొక్కితే వరస మొత్తం తిరగబడుతుంది. మెర్జ్ నొక్కితే ఎడమ చివర నుంచి ఒకటి, కుడి చివర నుంచి ఒకటి, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి, అలా తీసి పేర్చినట్టు అవుతుంది. సాల్వ్ అయి ఉన్నప్పుడు ఒక్క మెర్జ్ కొడితే 1 12 2 11 3 10 4 9 5 8 6 7 వస్తుంది. ఇంతే పజిల్.

నా బాధ ఏంటంటే మూడు నంబర్లని మాత్రమే తిప్పే సీక్వెన్స్ దొరకట్లేదు. ఎన్ని కామ్యుటేటర్లు రాసి చూసినా కనీసం 8 నంబర్లు కదులుతున్నాయి, లేదంటే ఏదీ కదలట్లేదు. ఎవరికైనా ఆ త్రీ సైకిల్ తెలిస్తే చెప్పండి. మొత్తం సొల్యూషన్ మాత్రం పెట్టొద్దు ప్లీజ్, నా చేత్తో చేయాలని ఉంది.

కోడ్_కుర్రాడు:

అన్నా దీనికి మొత్తం ఉన్న పొజిషన్లే 95,040. టూ బై టూ క్యూబ్‌కే 36,74,160 ఉంటాయి కదా, దాంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. సాల్వ్ అయిన వరస నుంచి మొదలుపెట్టి రెండు బటన్లూ నొక్కుకుంటూ వచ్చినవన్నీ ఒక టేబుల్‌లో పెట్టేస్తే పాత ల్యాప్‌టాప్ కూడా గబగబా అయిపోగొడుతుంది, ఆ తర్వాత ఎక్కడున్నా అతి తక్కువ మూవ్‌లలో దారి చెప్పేస్తుంది. కావాలంటే నేను రాసిస్తా.

గుంటూరు_క్యూబర్:

థాంక్స్ తమ్ముడూ, కానీ టేబుల్ చెప్పింది నొక్కితే నాకు అర్థమైనట్టు ఉండదు. నువ్వు చెప్పిన 95,040 చూసాక ఇంకో డౌట్ వచ్చింది. ఇన్ని తక్కువ పొజిషన్లు ఉండి కూడా ఇంత కష్టంగా ఎందుకుంది?

శేషం_సున్నా:

మీ డౌట్‌లోనే జవాబు ఉందండి. మీరు వెతుకుతున్న త్రీ సైకిల్ దొరకకపోవడం కాదు, అసలు లేదు. దయచేసి దాని మీద ఇంకో రోజు పెట్టకండి.

12 నంబర్లని ఎలా పడితే అలా పేర్చగలిగితే 47,90,01,600 వరసలు వస్తాయి. ఈ రెండు బటన్లతో చేరగలిగేది 95,040 మాత్రమే, అంటే 5040లో ఒక వంతు. ఇప్పుడు 95,040ని ఇలా విడదీసి చూడండి: 12 × 11 × 10 × 9 × 8. ఇది కాకతాళీయం కాదు. మీరు ఏ ఐదు నంబర్లనైనా ఏ ఐదు చోట్లకైనా తీసుకెళ్లొచ్చు, కానీ ఆ ఐదూ ఎక్కడున్నాయో తేలిపోయిన క్షణంలో మిగతా ఏడూ ఎక్కడుండాలో తేలిపోతుంది, ఒక్కటంటే ఒక్కటే దారి. అంటే ఏ సీక్వెన్స్ అయినా ఐదు నంబర్లని కదపకుండా వదిలేస్తే అది అన్నిటినీ వదిలేసినట్టే. త్రీ సైకిల్ అంటే తొమ్మిది కదలకుండా ఉండాలి, అది ఇక్కడ కుదరదు. మీకు ఎప్పుడూ కనీసం 8 కదలడానికి కారణం ఇదే, నాలుగు మించి నిలబడవు.

క్యూబ్‌లో రెండు ఫేస్‌లు ఒకదాన్నొకటి కొద్దిగానే తాకుతాయి కాబట్టి కామ్యుటేటర్ చిన్నగా వస్తుంది. ఇక్కడ మెర్జ్ 11 నంబర్లని కదుపుతుంది, ఇన్వర్ట్ 12నీ కదుపుతుంది, ఒక మూలకి పోయి చిన్నగా పని చేసుకునే చోటే లేదు. అందుకే పెద్ద క్యూబ్ కంటే ఈ చిన్నది గట్టిగా ఉంటుంది. పొజిషన్లు ఎన్ని అనే లెక్క చూసి కష్టాన్ని అంచనా వేయడం చాలామంది చేసే పొరపాటు.

దీని వెనక ఉన్న గ్రూప్‌ని, అంటే ఈ బటన్లతో చేయగలిగే మార్పులన్నీ కలిసిన సమూహాన్ని, ఫ్రెంచ్ గణితవేత్త ఎమిల్ మాత్యూ 1861లో కనిపెట్టాడు, పేరులో ఎమ్ ఆయనదే. పజిల్‌గా చేసి 2008లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పరిచయం చేసింది ఇగోర్ క్రిజ్, పాల్ సీగెల్. నాకైతే ఆ గ్రూప్ గురించి పుస్తకంలో చదివినప్పటి కంటే ఈ రెండు బటన్లు నొక్కుతూ కూర్చున్నప్పుడే ఎక్కువ అర్థమైంది.

పేకముక్క:

పైన శేషం గారు ఎందుకు కుదరదో చెప్పారు, నేను ఏం చేస్తే కుదురుతుందో చెప్తా, మొత్తం సొల్యూషన్ పెట్టను. ముందు స్క్రీన్ పక్కన పెట్టి ఒక పేక తీసుకోండి, ఆసు నుంచి రాణి దాకా సరిగ్గా 12 ముక్కలు. నేలమీద పరిచి చేత్తో మెర్జ్ చేస్తే ఏది ఎక్కడికి పోతుందో కంటికి అలవాటవుతుంది, నేను అలాగే నేర్చుకున్నా.

చిన్న సైకిల్ కోసం కామ్యుటేటర్ కాకుండా ఒకే సీక్వెన్స్‌ని మళ్లీ మళ్లీ చేసి చూడండి. మెర్జ్ మెర్జ్ మెర్జ్ ఇన్వర్ట్ తీసుకోండి. సాల్వ్ అయిన వరస మీద చేస్తే 11 8 5 2 3 6 9 12 10 7 4 1 వస్తుంది. ఇందులో దాక్కున్న సైకిళ్లు చూడండి, ఆరో చోటు కదల్లేదు, 3, 5 చోట్లు ఒకదానితో ఒకటి మారాయి, 7, 10, 9 చోట్లు మూడూ కలిసి తిరిగాయి, మిగతా ఆరూ ఒక పెద్ద చుట్టు. అంటే 1, 2, 3, 6 పొడవులు. ఇప్పుడు ఇదే మొత్తాన్ని మూడుసార్లు చేస్తే మూడు పొడవున్న చుట్టు మాయమైపోతుంది, ఆరు పొడవున్నది మూడు జతలుగా విడిపోతుంది. ఫలితం 2 1 5 12 3 6 7 11 9 10 8 4. నాలుగు కదల్లేదు, నాలుగు జతలు మారాయి, ఇక్కడ ఇంతకంటే చిన్న పనిముట్టు ఉండదు. మూడుసార్లు కాకుండా రెండుసార్లే ఆపితే ఇంకో పనిముట్టు వస్తుంది, 3, 5, 6 చోట్లు నిలబడి మిగతావి మూడేసి చొప్పున తిరుగుతాయి.

ఇంకోటి, మెర్జ్ ఇన్వర్ట్ మెర్జ్ ఇన్వర్ట్. ఇది 3, 8 చోట్లని ముట్టుకోదు, మిగతా పదినీ ఐదేసి చొప్పున రెండు చుట్లుగా తిప్పుతుంది.

ఇక మీకు అలవాటైన సెటప్ మూవ్, అంటే ముందు కొన్ని మూవ్‌లు చేసి, పనిముట్టు వాడి, ఆ మూవ్‌లని వెనక్కి తీసుకోవడం, ఇక్కడ కూడా పనిచేస్తుంది. మెర్జ్‌ని 11 సార్లు కొడితే మొదటికి వస్తుంది, కాబట్టి 4 మెర్జ్‌లని వెనక్కి తీసుకోవాలంటే 7 మెర్జ్‌లు. ఇన్వర్ట్, నాలుగు మెర్జ్‌లు, ఆ నాలుగు జతల పనిముట్టు, ఏడు మెర్జ్‌లు, ఇన్వర్ట్ చేసి చూడండి. ఈసారి నిలబడేవి 1, 3, 8, 10 చోట్లు. ఇందులోనూ 3, 8 ఉన్నాయి చూశారా! అంటే 3, 8 నంబర్లని ఎలాగోలా వాటి చోట్లలో కూర్చోబెట్టారంటే తర్వాత ఆ రెండిటినీ చెడగొట్టకుండా ఆడుకోవడానికి రెండు పనిముట్లు చేతిలో ఉన్నట్టే. అప్పటికి మిగిలేది 720 పొజిషన్లు. ఒక జాగ్రత్త, ఈ రెండు పనిముట్లతో వాటిలో సగానికి మించి చేరలేరు, ఎంతకీ రాకపోతే భయపడకుండా 3, 8 చెరిపేసి వేరే దారిలో మళ్లీ పెట్టుకోండి.

గుంటూరు_క్యూబర్:

పేకముక్క గారూ, శేషం గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి అమ్మమ్మ వాళ్లింట్లో పేక దొరికింది, భోజనాలయ్యాక చాప మీద పరుచుకుని కూర్చున్నా. మూడు, ఎనిమిది పెట్టడానికే గంట పైన పట్టింది. మీరన్నట్టే మొదటిసారి రాలేదు, అరగంట తిప్పాక అనుమానం వచ్చి చెరిపేసి మళ్లీ పెట్టా. రెండోసారి ఒకటి వచ్చింది, పది వచ్చింది, అప్పటికి నాలుగు సరిగ్గా ఉన్నాయి, మిగతా ఎనిమిది మాత్రం కలగాపులగంగా ఉన్నాయి. ఇంకో పనిముట్టు ఒక్కసారి చేసేసరికి ఆ ఎనిమిదీ ఒకేసారి వాటి వాటి చోట్లకి వచ్చేశాయి. క్యూబ్‌లో చివర్లో ఒకటో రెండో మిగిలి ఉంటాయి కదా, ఇక్కడ చివరి మూవ్ ముందు దాకా మూడో వంతే సరిగ్గా ఉండి ఒక్కసారిగా అన్నీ కుదిరిపోవడం చూసి ఒళ్లు జలదరించింది.

ఒక్క ప్రశ్న. నాలుగు సరిగ్గా ఉన్నప్పుడు మిగతా ఎనిమిదికి ఎన్ని వరసలు ఉంటాయి?

శేషం_సున్నా:

ఎనిమిదే అండి, 12 × 11 × 10 × 9 × 8లో చివరి ఎనిమిది. మామూలుగా ఎనిమిది నంబర్లకి 40,320 ఉండాలి. ఆ ఎనిమిదిలో ఒకటి సాల్వ్ అయింది, ఒకటి జతలు మారింది, మిగతా ఆరూ నాలుగేసి చొప్పున రెండు చుట్లు తిరిగినవి. కాబట్టి ఈసారి నాలుగు కుదిరాక ఆగి చూడండి, జతలా నాలుగేసి చుట్లా అని చూస్తే ఏ పనిముట్టు వాడాలో తెలిసిపోతుంది.

పేకముక్క:

అభినందనలు! ఇది కుదిరాక దీని అన్న ఎమ్24 కూడా ఉంది, అందులో 24 నంబర్లు, 24,48,23,040 పొజిషన్లు. అక్కడ కూడా ఏ ఐదింటినైనా కావలసిన చోట పెట్టొచ్చు, కానీ ఐదు కుదిరాక అన్నీ బిగుసుకుపోవు, ఇంకా 48 మిగులుతాయి. దానికి పేక ముక్కల కంటే కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, మొదలుపెట్టినప్పుడు ఇక్కడే రాయండి, నేను కూడా మళ్లీ మొదటి నుంచి చేస్తా.