పాడైన ఎంజీఏ చవగ్గా కొని బాగుచేయించాలా, తయారైనదే కొనాలా?

తార్నాక డ్రైవర్
మారేడ్‌పల్లిలో తెలిసినవాళ్ల షెడ్డులో 1958 నాటి ఎంజీఏ 1500 (ఇంగ్లండ్ ఎంజీ కంపెనీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) ఒకటి ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. ఇంజిన్ జామ్, అడుగున తుప్పు. బాగుచేసిన బండికి అడిగే ధరలో మూడో వంతుకే ఇస్తామంటున్నారు. మిగతా డబ్బుతో తీరిగ్గా చేయించుకోవచ్చని నా లెక్క. మా ఆవిడ ఆ లెక్క నమ్మడం లేదు, తయారైనదే కొనమంటోంది. మీరేమంటారు?

లేత్ భాయ్
కొనెయ్ అన్నా. అది 1489 సీసీ బీ-సిరీస్ ఇంజిన్. మన పాత అంబాసిడర్‌లో ఉన్నదీ అదే కుటుంబం. దాన్ని చూసి బెదిరే పాతకాలం మెకానిక్ హైదరాబాద్‌లో ఉండడు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ బాలానగర్‌లో చేయించు. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే రెండు ఎస్‌యూ కార్బురేటర్లను సమానంగా ట్యూన్ చేయడానికే కొంచెం చెయ్యి తిరిగినవాడు కావాలి. విడిభాగాలు ఇంగ్లండ్‌లో ఇంకా కొత్తవి దొరుకుతాయి. తయారైన బండి అని అమ్మేవాటిలో పెయింట్ కింద తుప్పుని కప్పెట్టిన పుట్టీ ఎంత ఉందో ఎవరికి తెలుసు?

పాత గ్యారేజ్ రమ
ఇంజిన్ సంగతి ఒప్పుకుంటా భాయ్. అసలు ఇందులో చవకైన పని అదే. అందరూ బానెట్ ఎత్తి చూస్తారు, డబ్బు పోయేది మాత్రం తలుపుల కింద. ఎంజీఏకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. తలుపు కిందుగా పొడుగునా ఉండే రేకు పట్టీల్ని (సిల్స్), పక్క స్తంభాల అడుగు భాగాన్ని తుప్పు తినేస్తుంది. వాటిని కోసేముందు బాడీ లోపల అడ్డంగా కడ్డీలు వెల్డ్ చేసి నిలబెట్టాలి. లేదంటే బాడీ వంగి, పెయింట్ అయ్యాక తలుపు పడదు. మళ్లీ మొదటి నుంచి కోత.

తలుపుల పై రేకు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. స్టీల్‌ని కొట్టినట్టు కొడితే సాగిపోతాయి. ఫ్లోర్ ప్లైవుడ్, అదొక్కటి మన కార్పెంటరే చేసిపెడతాడు! వైరింగ్ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలుపుతారు. తెలియని కుర్రాడు అలవాటు కొద్దీ బ్యాటరీ తిప్పి బిగించాడంటే ఇంకో బిల్లు.

లేబర్ ఇక్కడ చవకే, కాదనను. కానీ రేకు పని చేసే డెంటర్‌కి ఇన్సూరెన్స్ బండ్లు వరసగా వస్తుంటే మన బండి మూలకి పోతుంది. ఇంగ్లండ్ పార్సిల్ మీద రవాణా, కస్టమ్స్ సుంకం, ఆపైన జీఎస్టీ. తప్పు పార్టు వస్తే వెనక్కి పంపే ఖర్చుకి కొత్తదే వచ్చేలా ఉంటుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ ఎలాగూ మార్చాల్సిందే.

తయారైనది కొనేటప్పుడు బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు అడగండి. అవి లేకపోతే భాయ్ అనుమానం నిజమే. ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. స్టీల్ ఫెండర్లకి అంటాలి, అంటకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టే. అల్యూమినియం తలుపులకి అంటకూడదు.

ఆర్‌సీ బుక్
బండి కన్నా ముందు కాగితాలు చూడండి. 2021 జులైలో వచ్చిన నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయొచ్చు. ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు, నంబర్‌లో 'వీఏ' వస్తుంది. అయితే ర్యాలీ, ప్రదర్శన, పెట్రోల్, సర్వీసింగ్ లాంటి వాటికే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకి తిప్పడం కుదరదు. మామూలు రిజిస్ట్రేషన్ ఉంచుకుందామంటే, 20 ఏళ్లు దాటిన ఇంపోర్టెడ్ కారుకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 80,000 చేశారు.

లేత్ భాయ్
80 వేలకి టెన్షన్ పడేవాడు ఎంజీ జోలికే రాడు. రేపు అమ్మితే అంతా తిరిగొస్తుంది.

పాత గ్యారేజ్ రమ
ఎక్కడొస్తుంది భాయ్? కొనేవాడు బండికి ధర కడతాడు, మన బిల్లులకి కాదు. రెండేళ్ల షెడ్డు అద్దె, డెంటర్ చుట్టూ తిరిగిన ఆదివారాలు ఎవరిస్తారు? అమ్మే ఉద్దేశం ఉంటే మొదలే పెట్టకూడదు. తార్నాక గారూ, దగ్గరుండి పని చేయించడమే మీకు సరదా అయితే షెడ్డులోది కొనండి. అనంతగిరి దాకా నడపాలనుంటే మీ ఆవిడ చెప్పిందే రైటు.

తార్నాక డ్రైవర్
నాకు రెండూ కావాలి మేడమ్, అదే చిక్కు. నిన్న అయస్కాంతం పట్టుకెళ్లా. ఎడమ ఫెండర్ కింద చాలా మేర అంటలేదు. ఆర్‌సీ మద్రాసుది, బండిని ఇక్కడికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఇవ్వాల్సిన అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) లేదు. ఈ మాట చెప్తే ఇంకా తగ్గిస్తామన్నారు.

లేత్ భాయ్
ఎంతకి?