గుర్రానికి ఇన్సులిన్ పరీక్ష: వరంగల్ దగ్గర ఎక్కడ?

మాది హనుమకొండ. పెళ్లి ఊరేగింపులకు పంపే మా ఆడగుర్రానికి మెడ పైభాగంలో కొవ్వు గట్టిపడింది. ముందుకాళ్ల గిట్టలు వేడెక్కి కుంటుతోంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే గిట్టలకు ఇలా జబ్బు చేస్తుందని, అది చూడాలని డాక్టరుగారు అన్నారు. ఊరేగింపులు, బెల్లం, దాణా ఆపేశాం. ఎండుగడ్డిని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వేస్తున్నాం. వీధి పిల్లలు మాత్రం ప్రేమగా అరటిపండ్లు పెట్టేస్తున్నారు, ఎంతని కాపలా కాయను!

మామునూరు పశువైద్య కళాశాలలో ఈ పరీక్ష చేస్తారా, రక్తం హైదరాబాదు పంపాలా? మనుషుల ల్యాబుల్లో వాడే కిట్లలో కొన్ని గుర్రం ఇన్సులిన్‌ను సరిగా కొలవవట. పరగడుపు ఫలితం మామూలుగా వచ్చినా జబ్బు లేదని తేల్చలేమట కూడా. తీపికి ఇన్సులిన్ ఎంత పెరుగుతుందో చూడటానికి మొక్కజొన్న సిరప్ పట్టించి, 60 నుంచి 90 నిమిషాల మధ్య రక్తం తీసే పరీక్ష ఇక్కడ ఎవరైనా చేయించారా? గిట్టల నొప్పి తగ్గేదాకా ఆగాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.