సెకండ్‌హ్యాండ్ బోటు ఇంజన్ స్టార్ట్ అవ్వట్లేదు, తెలిసినోళ్లు చెప్పండి

అన్నలూ నమస్తే, మాది ఉప్పాడ. మార్చిలో మా ఫైబర్ బోటుకి 9.9 హెచ్‌పీ టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక తగిలించేది) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం, నెల రోజులు బాగానే తిరిగింది, ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే విప్పి ఇంట్లో పెట్టేశాం, కార్బరేటర్‌లో పెట్రోల్ మాత్రం ఖాళీ చెయ్యలేదు, అక్కడే తప్పు చేశామేమో అని నా అనుమానం. జూన్ 14తో నిషేధం అయిపోయింది, అందరూ వేటకి పోతున్నారు, మా బోటు ఒక్కటే ఒడ్డున ఉంది.

పాత పెట్రోల్ తీసేసి కొత్తది లీటరుకి 20 ఎంఎల్ ఆయిల్ కలిపి పోశా. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచే ఉంది, కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) క్లిప్పు పెట్టే ఉంది. స్పార్క్ ప్లగ్గు కొత్తది, బాడీకి ఆనించి తాడు లాగితే నీలం రంగు స్పార్క్ బాగా వస్తోంది. కానీ చోక్ వేసి ఇరవై సార్లు లాగాక ప్లగ్గు విప్పి చూస్తే ఎండిపోయి ఉంది, పెట్రోల్ వాసన కూడా లేదు! ప్లగ్గు రంధ్రంలో కొంచెం పెట్రోల్ పోసి లాగితే రెండు మూడు సెకన్లు ఆడి ఆగిపోతోంది. పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కినా అంతే.

అంటే కార్బరేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మూసుకుపోయినట్టేనా, లేక ఫ్యూయల్ పంపు పోయిందా? మెకానిక్ వారం తర్వాత వస్తానన్నాడు, అన్ని రోజులు ఆగలేం. నేనే విప్పి కడగొచ్చా? జెట్‌లో తీగ పెడితే రంధ్రం పెద్దదైపోద్ది అంటున్నారు, మరి దేంతో క్లీన్ చెయ్యాలి? చేసినోళ్లు ఉంటే దయచేసి చెప్పండి.