గోవిందరాజస్వామి గుడి చుట్టూ పాత వీధులు: వెడల్పు చేయాలా, అలాగే ఉంచాలా?

పుష్కరిణి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

తిరుపతిలో ఇద్దరు కలిస్తే మూడో మాట ట్రాఫిక్ గురించే. ఊరి చుట్టూ మాస్టర్ ప్లాన్ రోడ్లు పడ్డాయి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చింది. గుడి చుట్టూ ఉన్న పాత ఊరు మాత్రం అలాగే ఉంది. గాంధీ రోడ్డు, బజారు వీధి, తిలక్ రోడ్డు, వాటి మధ్య సందులు. పక్కనే రైల్వే స్టేషన్. కొండకు రోజుకు 60, 70 వేల మంది వెళ్తుంటే అందులో చాలామంది ఈ వీధులు తొక్కే వెళ్తారు. వీటిని నలభై అడుగులకు వెడల్పు చేయాలని కొందరు, ముట్టుకోవద్దని కొందరు ఏళ్లుగా అంటూనే ఉన్నారు. మీరేమంటారు? ఇతర నగరాలు ఇలాంటి చోట ఏం చేశాయో, అక్కడ ఏం జరిగిందో చెప్పి వాదించండి. పార్టీల గొడవ ఇక్కడ వద్దు.

నలభై అడుగులు

నా ఓటు వెడల్పుకే. సివిల్ ఇంజనీరును, రోడ్ల పనిలోనే జుట్టు నెరిసింది.

1832లో ప్యారిస్‌లో కలరా వచ్చి 18 వేల మందికి పైగా చనిపోయారు. ఇరుకు సందులు, ఎండ పడని గదులు, వీధి మధ్యలో పారే మురుగు. 1853లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్ ఓస్మాన్ అనే అధికారిని తెచ్చి ఆ నగరం అప్పగించాడు. 1870లో ఆయన పదవి పోయేనాటికి పాత పేటల గుండా కొత్త రాజవీధులు పడ్డాయి. పైన కనిపించేది సగమే. వాటి కింద బెల్‌గ్రాన్ అనే ఇంజనీరు వందల కిలోమీటర్ల మురుగు కాలువలు తవ్వించాడు, దూరపు ఊటల నుంచి మంచినీళ్లు తెప్పించాడు. ఈ రోజు మనవాళ్లు ప్యారిస్ వెళ్లి ఫొటోలు దిగేది ఆ వీధుల్లోనే. పడగొట్టిన సందుల కోసం ఎవరూ టికెట్టు కొనరు.

2021 నవంబరు వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. కొండ మీది నీళ్లు కపిలతీర్థం దగ్గర ఎలా దూకాయో చూశాం. అంత నీరు పట్టే కాలువ పన్నెండు అడుగుల సందులో ఎక్కడ వేయమంటారు? అగ్నిమాపక వాహనం సంగతి సరేసరి. పాత వీధుల మీద ప్రేమ ఉన్నవారు ఒక్కసారి జేసీబీ తీసుకుని ఆ సందులో వెనక్కి తిప్పి చూపించండి.

సందులో సైకిలు

ఇంజనీరు గారూ, ప్యారిస్ కథ సగం చెప్పి ఆపేశారు. మిగతా సగం లండన్‌లో ఉంది.

లండన్‌కూ కలరా వచ్చింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు పార్లమెంటు సభ్యులే ముక్కు మూసుకున్నారు. అప్పుడు జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు చేతికి పని ఇచ్చారు. ఆయన 130 కిలోమీటర్లకు పైగా ప్రధాన మురుగు కాలువలు వేశాడు. ఊరిని పడగొట్టి కాదు, ఉన్న వీధుల కిందుగా, నది ఒడ్డున కొత్తగా కట్టిన గట్టు లోపల నుంచి. 1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ కాలువల పని ఇంకా పూర్తికాని తూర్పు లండన్. లండన్ నడిబొడ్డులో వంకర సందులు ఇప్పటికీ ఉన్నాయి. ప్రాణాలు నిలబెట్టింది కాలువ. వీధి వెడల్పుకు ఆ పేరు ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు.

2021 వాన మాట తెచ్చారు కాబట్టి ఒక ప్రశ్న. ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లో, వంకల్లో కట్టుకున్న కాలనీలు ఎన్ని? కొండ మీది నీరు పోయే దారి అక్కడ మూసుకుపోతే గాంధీ రోడ్డును ఎనభై అడుగులు చేసినా నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. సియోల్‌లో చొంగ్‌గేచొన్ అనే వాగు మీద కాంక్రీటు పరిచి, ఆపైన ఎత్తు రోడ్డు కట్టారు. 2003లో ఆ రోడ్డునే పడగొట్టడం మొదలుపెట్టి, 2005 నాటికి దాదాపు ఆరు కిలోమీటర్ల వాగును బయటికి తీశారు. అక్కడి ట్రాఫిక్ ఏమీ ప్రళయంలో మునిగిపోలేదు.

ఓస్మాన్ వీధులు పడ్డ చోట పేదలు ఎక్కడికి పోయారో కూడా చెప్పండి. నగరం అంచులకు. వాళ్ల పాత పేటల్లో కొత్త అద్దెలు వాళ్లకు అందలేదు. ఆ పనుల అప్పు తీర్చడానికి ప్యారిస్‌కు దశాబ్దాలు పట్టింది.

బజారు వీధి దుకాణం

ఇద్దరూ ప్యారిస్, లండన్ తిరిగి వచ్చారు. సంతోషం. నేను బజారు వీధి దాటలేదు.

నాది అద్దె దుకాణం. మా నాన్న గుడ్‌విల్ కట్టి తీసుకున్నది. రేపు గోడ మీద ఎర్ర గుర్తు పెడితే యజమానికి టీడీఆర్ బాండో (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం), డబ్బో వస్తుంది. (మన ఊళ్లో ఆ బాండ్ల పేరు పేపర్లో ఎన్నిసార్లు వచ్చిందో అందరికీ తెలుసు, అది వదిలేద్దాం.) నాకు ఏమొస్తుంది? దుకాణం లోతు పద్నాలుగు అడుగులు. అందులో ఎనిమిది పోతే మిగిలిన ఆరులో నేను నిలబడాలా, సరుకు పెట్టాలా? కుంకుమ, పసుపు, పటాలు, తాళ్లు అమ్ముకునేవాళ్లం. మా బేరమంతా నడిచి వచ్చే భక్తుల మీదే. కారులో పోయేవాడు కుంకుమ పొట్లం కోసం ఆగడు.

మీ లెక్కల్లో అద్దెదారు ఎక్కడున్నాడో చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం.

నలభై అడుగులు

దుకాణం గారూ, మీ మాట న్యాయమే. అద్దెదారుకు వాటా రాయని పథకాన్ని నేనూ సమర్థించను. అంతమాత్రాన వీధి అలాగే ఉండాలన్న వాదన నిలబడదు.

సైకిలు గారు లండన్‌ను మెచ్చుకున్నారు. 1666లో ఆ ఊరు తగలబడిపోయింది. పది రోజులు తిరగకముందే క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి విశాలమైన వీధులతో కొత్త పటం గీసి రాజు ముందు పెట్టాడు. అమలు కాలేదు. ఎవరి స్థలం ఎంతో తేల్చే ఓపిక లేదు, పరిహారానికి డబ్బు లేదు. పాత గీతల మీదే మళ్లీ కట్టుకున్నారు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు ఇరుకులోనే అవస్థపడ్డారు. ఖాళీ నేల మీద గీసుకునే అదృష్టం ఉంటే 1727లో కట్టిన జైపూర్‌లా ఉండేది.

మన పూర్వీకులకు వెడల్పు అంటే భయం లేదు, అది మరిచిపోకండి. రామానుజులవారు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి ఈ ఊరికి పునాది వేశారని చెప్పుకుంటాం. గుడి చుట్టూ నాలుగు మాడ వీధులు ఎందుకు? వాహన సేవలు సాగాలి, రథం మలుపు తిరగాలి, తాడు లాగేవాళ్లకు చోటుండాలి. మాడ వీధి కొలత రథం కొలత. ఈ రోజు రథం స్థానంలో బస్సు వచ్చింది, అంతే.

అగ్రహారం మనవడు

"రథం స్థానంలో బస్సు వచ్చింది, అంతే" అన్నారు. ఎంత మాటన్నారు సార్! రథం ఏడాదికోసారి వస్తుంది. మిగతా రోజుల్లో ఆ వీధి ముగ్గులకు, అరుగులకు, పిల్లలకు, అమ్ముకునేవాళ్లకు. బస్సు రోజూ, గంట గంటకూ వస్తుంది. కొలత ఒకటే అయినంత మాత్రాన వీధి ఒకటే అవుతుందా?

పడగొట్టడం మనకు కొత్తేమీ కాదు. 2003లో తిరుమలలో మాస్టర్ ప్లాన్ పేరుతో గుడి ఎదుటి వెయ్యికాళ్ల మండపం తీసేశారు. సాళువుల కాలం నాటి కట్టడం. జనానికి తిరగడానికి చోటు దొరికింది, కాదనను. ఆ రాళ్లు మళ్లీ నిలబడ్డాయా? కాశీలో విశ్వనాథుని గుడి నుంచి గంగ దాకా నడవా కట్టి 2021 డిసెంబరులో ప్రారంభించారు. మూడు వందలకు పైగా ఇళ్లు, కట్టడాలు కొన్నారు. ఇళ్ల మధ్య మరుగున పడిన చిన్న గుళ్లు బయటపడ్డాయి, ముసలివాళ్లు ఘాట్ దాకా హాయిగా నడుస్తున్నారు. పక్కా మహల్ అనే పాత పేట గల్లీలు మాత్రం ఆ మేరకు లేవు. పూరీలో 2024 జనవరిలో ప్రారంభించిన పరిక్రమ మార్గం కోసం గుడి ప్రాకారం చుట్టూ 75 మీటర్ల మేర ఖాళీ చేశారు. భక్తులను అడిగితే బాగుందంటారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లను అడిగితే ఇంకోలా చెబుతారు. రెండూ అబద్ధం కాదు.

నాకు నచ్చినది ప్యాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్లండ్ పెద్దాయన పద్ధతి. 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లు తిరిగాడు. మనమూ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. తంజావూరులో ఇళ్ల మధ్య నుంచి తిన్నని రోడ్డు కొట్టాలని అక్కడివాళ్లు పథకం వేసుకుంటే, ఆయన సందు సందూ నడిచి, ఏ ఇల్లు నిజంగా కూలిపోయే స్థితిలో ఉందో గుర్తుపెట్టుకున్నాడు. ఆ కొన్నే తీసి, ఆ చోటును చిన్న ఖాళీ జాగాగా వదిలి, బావి బాగుచేసి, చెట్టు నాటమన్నాడు. దీనికి ఖర్చు రోడ్డు పథకంలో చిన్న భాగమేనని లెక్క కట్టి చూపించాడు. మన సందుల్లో తాళం వేసి పాడుబడిన ఇళ్లు ఎన్ని లేవు? వాటితో మొదలుపెట్టవచ్చు. కాగితం మీద స్కేలు పెట్టి గీత గీసేవాడు ఆ సందులో ఒకసారైనా నడిచి ఉండాలి కదా.

నలభై అడుగులు

గెడ్డిస్ పద్ధతికి ప్రతి ఊళ్లో ఒక గెడ్డిస్ కావాలి. కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఎంతమంది ఉంటారో తెలిసే మాట్లాడుతున్నారా?

సందులో సైకిలు

గెడ్డిస్ దొరకకపోతే జపాన్ నియమం ఉంది. 1950 నాటి వాళ్ల కట్టడాల చట్టం ప్రకారం వీధి నాలుగు మీటర్లు ఉండాలి. తక్కువుంటే ఉన్న ఇల్లు ఎవరూ కూల్చరు. యజమాని తనంతట తాను మళ్లీ కట్టుకునేటప్పుడు వీధి మధ్య గీత నుంచి రెండు మీటర్లు వెనక్కి జరిగి కట్టుకోవాలి. ఎవరినీ రోడ్డున పడేయకుండా వీధి నెమ్మదిగా తెరుచుకుంటుంది. మన దగ్గరా కొత్త ప్లాను అనుమతికి వెళ్తే రోడ్డుకు పోయే భాగం వదలమంటున్నారు కాబట్టి ఇది పరాయి పద్ధతేమీ కాదు.

పుష్కరిణి గట్టు

అది అమలైన వీధులు చూశాను. ఒక ఇల్లు వెనక్కి, పక్కిల్లు ముందుకు, ఊడిన పళ్ల వరుసలా ఉంటాయి. ఖాళీ వచ్చిన చోట ఎవరో బండి నిలుపుతారు. పైగా ఒక వీధి మొత్తం జరగడానికి రెండు తరాలు పడుతుంది. సైకిలు గారూ, మీరు చెప్పింది తప్పు కాదు, చాలదు.

నేను అడగాలనుకున్నది వేరే. వెడల్పు గొడవ పక్కన పెట్టి, అసలు బండ్లనే లోపలికి రానివ్వకపోతే? 1962లో కోపెన్‌హాగెన్ తన ప్రధాన బజారు స్ట్రాయెట్‌ను నడిచేవాళ్లకే వదిలింది. దుకాణాలవాళ్లు గగ్గోలు పెట్టారు, బేరాలు పోతాయన్నారు. పోలేదు. ఆ నగరం తర్వాత మరిన్ని వీధులు అలాగే చేసింది. అంత దూరం ఎందుకు, తిరుమల మాడ వీధుల్లో మనం చెప్పులే వేసుకోం. కింద గోవిందరాజస్వామి వీధిలో మాత్రం స్వామికీ మనకూ మధ్య ఆటో హారను ఉండాల్సిందేనా?

బజారు వీధి దుకాణం

ఈ మాట మీద నేను కాస్త మెత్తబడ్డాను. పూర్తిగా కాదు.

సరుకు ఎప్పుడు దింపాలి? కోపెన్‌హాగెన్‌లో ఎప్పుడు దింపుతారు? నడవలేని పెద్దవాళ్లను స్టేషన్ నుంచి సత్రం దాకా ఎవరు తెస్తారు? ఆటోవాళ్ల పొట్ట సంగతి? వాళ్లూ మన ఊరివాళ్లే.

సందులో సైకిలు

స్ట్రాయెట్‌లో సరుకు బండ్లు పొద్దున్నే వచ్చి వెళ్లిపోతాయి. మనం ఉదయం తొమ్మిది దాకా అనుకోవచ్చు. పెద్దవాళ్లకు బ్యాటరీ బండ్లు నడపాలి, అవి ఈ ఆటోవాళ్లకే ఇవ్వాలి. అంబులెన్సుకు ఎప్పుడూ దారి.

నలభై అడుగులు

బండ్లు ఆపితే ఆపండి, నేను అడ్డుపడను. ఆపిన బండ్లు ఎక్కడ నిలుపుతారు? స్టేషన్ చుట్టూ ఇప్పటికే చోటు లేదు. మీరంతా లోపలి నాలుగు వీధులు కాపాడుకుని బయటి రోడ్డు మీద మూడు రెట్ల రద్దీ పోస్తున్నారు. కాలువ ప్రశ్నకు కూడా నాకింకా జవాబు రాలేదు. లండన్ కాలువ వీధి కింద లోతుగా పోయింది. మన సందుల్లో ఆ లోతు తవ్వితే పునాది లేని పాత గోడలు నిలుస్తాయా? తవ్వే ముందు ప్రతి ఇంటి గోడనూ పరీక్షించి, బలహీనమైనదాన్ని ఆనించి నిలబెట్టాలి. ఆ ఖర్చు ఎవరైనా వేశారా?

అగ్రహారం మనవడు

వేయలేదు సార్. అది మీరే వేసి ఇక్కడ పెట్టండి. వెడల్పు చేస్తే పరిహారం ఎంత, వెడల్పు చేయకుండా గోడలు ఆనించి కాలువ తవ్వితే ఎంత, రెండూ పక్కపక్కన. ఒక్క వీధికి చాలు. మా వీధి కొలతలు, పాడుబడిన ఇళ్ల జాబితా నేనిస్తాను.

బజారు వీధి దుకాణం

ఆ రెండు లెక్కల్లోనూ అద్దెదారు పేరుతో ఒక వరుస పెట్టండి. అది లేకపోతే నేను చదవను.