రీగన్ ‘రాష్ట్రపతి’యా, ‘అధ్యక్షుడా’?

సభ్యులకు నమస్కారం. గుంటూరులో ఇంటరు చదువుతున్న మా మేనల్లుడు, సెలవులకు విజయవాడ వచ్చి, ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాకు సరదాగా తెలుగు ఉపశీర్షికలు రాస్తూ ఒకచోట ఆగిపోయాడు. 1985 నుంచి 1955కు వెళ్ళిన కుర్రవాణ్ణి అక్కడి శాస్త్రవేత్త, మీ కాలంలో అమెరికాను ఏలేది ఎవరని నిలదీస్తాడు. రోనాల్డ్ రీగన్ అనగానే, ఆ నటుడా అని వెక్కిరిస్తాడు. ఆ ఊరి హాల్లో అప్పుడు ఆడుతున్నదీ రీగన్ సినిమాయే.

మావాడు ‘అమెరికా రాష్ట్రపతి’ అని రాశాడు. హిందీవారికి రాష్ట్రమంటే దేశం, మన రాష్ట్రాన్ని వారు రాజ్యమంటారు కనుక ఆ మాట వారికి ఏ దేశానికైనా సరిపోతుంది. మనకది భారత రాజ్యాంగ పదవికి మాత్రమే పేరుగా నిలిచింది. తక్కినవారిని మన పత్రికలు అధ్యక్షుడనే రాస్తాయి. (స్వాతంత్ర్యానికి ముందు కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి కూడా రాష్ట్రపతి అనేవారు. 1937లో నెహ్రూ ‘చాణక్య’ అనే మారుపేరుతో తనను తానే విమర్శించుకున్న వ్యాసానికి పేరు అదే.) పోనీ ప్రెసిడెంటు అందామా అంటే, పక్కనే చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అమ్మ ‘ఏ ఊరి ప్రెసిడెంటురా?’ అని అడిగింది. ఆవిడకు ప్రెసిడెంటు గారంటే పంచాయతీ సర్పంచే.

కనుక అధ్యక్షుడు ఖాయమైంది. తేలనిది రెండో మాట. ‘నటుడా?’ అంటే మరీ మర్యాదగా ఉంది. పైగా 1983 జనవరిలో రామారావు గారు ముఖ్యమంత్రి కావడం చూసిన మనకు అందులో వింతేమీ తోచదు. ‘మిస్సమ్మ’ 1955లోనే వచ్చింది. అది చూసి హాల్లోంచి బయటపడిన బెజవాడ మనిషిని ఆపి, ఇందాక తెరమీద చూసిన కథానాయకుడు ఇరవై ఎనిమిదేళ్ళకు ముఖ్యమంత్రి అవుతాడని చెబితే అతని నోటివెంట ఏ మాట వచ్చేదో, ఇక్కడ కావలసింది ఆ మాట. ‘ఆ సినిమా ఆయనా?’ అంటే గౌరవం అడ్డొస్తోంది. ‘సినిమాల్లో వేషాలేసేవాడా?’ అన్నది నాకు నచ్చింది గానీ, చిటికెలో అనేసే మాట తెరమీద రెండో వరుసలోకి జారుతోంది. ‘వేషగాడా?’ అంటే పగటివేషాలు గుర్తొస్తాయని మేనల్లుడి అభ్యంతరం. ఆనాటి బెజవాడ వాడుక ఎరిగిన పెద్దలెవరైనా ఇంతకంటే పొట్టి మాట చెప్పగలరా?