నార కోసం వేసిన గోగులో ఆకు కోయవచ్చునా?

ప్రశ్న: మెట్ట రైతు
శ్రీకాకుళం జిల్లాలో వర్షాధారంగా గోగు వేస్తున్నాము. నార చేతికి రావడానికి నాలుగు నెలలకు పైగా పడుతుంది గనుక, ఈలోగా ఆకును గోంగూరగా అమ్ముకుందామని పిల్లలు అంటున్నారు. ఆకు కోసిన చేను నారకు పనికిరాదని మా నాన్నగారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

సమాధానం: పట్నవాసి
నారను వదిలి పూర్తిగా ఆకుకే మళ్ళడం మేలని నా అభిప్రాయం. కోసిన కాడలను చెరువులో ఊరవేయడానికి పది పదిహేను రోజులు నిలవనీరు కావాలి, ఆ నీరు కంపు కొడుతుంది, నడుములోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచే కూలీలు దొరకడం కష్టం. పైగా గోంగూరలో ఇనుము ఉంది గనుక, ఎండుటాకు పొడిని రక్తహీనతకు మందుగా అమ్మవచ్చు.

సమాధానం: గోగు చేను
మెట్ట రైతు గారూ, మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. తల తుంచకూడదు. నార వచ్చేది కాండం బెరడు నుంచి. ఆ కాండం కొమ్మలు వేయకుండా రెండున్నర, మూడు మీటర్లు నిటారుగా పెరిగితేనే పొడవైన నార దిగుతుంది. చిగురు గిల్లితే మొక్క పక్క కొమ్మలు వేస్తుంది, కొమ్మ మొలిచిన చోటల్లా నార తెగుతుంది. అయితే వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల ఎడం ఉండేలా, మూడు నాలుగు వారాల వయసులో ఒత్తు మొక్కలను పీకక తప్పదు కదా! ఆ పీకిన లేత మొక్కలే సంతకు గోంగూర. మా అమ్మ వాటి వేళ్ళ మట్టి కాలువలో కడిగి, అరటి నారతో కట్టలు కట్టి, తడి గోనె కప్పి తీసుకువెళ్ళేది. కోత తరువాత పొలంలో రాలే ఆకు ముదురుది, అది కూరకు పనికిరాదు, నేలకే వదలండి.

పట్నవాసి గారూ, సెగగడ్డకు ఆముదం రాసి వెచ్చజేసిన గోంగూర ఆకు కట్టడం మా ఇంట్లోనూ ఉంది. అంతమాత్రాన రక్తహీనతకు మందని చెప్పి అమ్మడం నాకు సమ్మతం కాదు. ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది కొంతే; గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఉన్నందున, మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు దానిని మితంగా తినాలి. రక్తం తక్కువైన మనిషి పొడిని నమ్ముకుని పరీక్ష మానుకుంటే ఆ పాపం అమ్మినవారిదే.

నీటి కష్టం మాత్రం మీరన్నట్టు నిజమే. పచ్చి కాడల నుంచే బెరడును ఒలిచి, ఆ బెరడును మాత్రమే ఊరవేస్తే చాలా తక్కువ నీరు సరిపోతుంది. ఆముదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ పంట మీదే పని చేసేవారున్నారు, ఒకసారి వెళ్ళి అడగండి.

ప్రశ్న అడిగినవారు: మెట్ట రైతు
నాన్నగారికి చదివి వినిపించాను. చిగురు ముట్టనంటే ఒప్పుకుంటానన్నారు. వచ్చే వారం కలుపుతో పాటు ఒత్తు మొక్కలు తీస్తాము.