పై అంతస్తు వ్యూ కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా?

పిట్టగోడ: ఒకే బిల్డింగ్‌లో రెండు ఫ్లాట్లు చూశాం. పదిహేనో అంతస్తులోంచి ఊరంతా కనిపిస్తుంది, రేటూ ఎక్కువే. మూడో అంతస్తు కిటికీల ముందు చెట్లు, వాటి వెనక ఎదురు బ్లాక్. కొలతలు ఒకటే. ఇంట్లో అందరూ పైదే అంటున్నారు. చేరిన కొత్తలో తప్ప కిటికీలోంచి ఎవరు చూస్తారండీ? ఆ తేడా డబ్బు దండగే కదా?

లెక్కల మాస్టారు: దండగే. వ్యూ అనేది చుట్టాలొస్తే చూపించుకోవడానికి. మిగతా రోజుల్లో ఎండ పడుతోందని కర్టెన్ వేసేస్తారు.

ఆకుపచ్చ: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి మాస్టారూ. రోజర్ ఉల్రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లను పోల్చి చూశారు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్లకన్నా సగటున త్వరగా ఇంటికెళ్లారు. బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు.

లెక్కల మాస్టారు: 46 మంది మీద చేసిన అధ్యయనం అది. మంచం దిగలేని మనిషికి కిటికీ కాక ఇంకేం దిక్కు? పైగా అందులో గెలిచింది చెట్లు, ఎత్తు కాదు. మీ సాక్ష్యం మూడో అంతస్తుకే పనికొస్తుంది.

ఆకుపచ్చ: నేను పైది కొనమన్నానా? వ్యూ దండగ అన్నారు, కాదన్నాను. అంతే.

తెర వెనక: మనకేం కనబడుతుందన్న గొడవే గానీ, మనం ఎవరికి కనబడుతున్నామో ఎవరూ అడగరేం? లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం 2016లో పై అంతస్తున ఊరు చూసే గ్యాలరీ తెరిచింది. దానికి ఎదురుగా గాజు గోడల ఫ్లాట్లు. వచ్చిన జనం ఊరితోపాటు ఆ ఇళ్లలోకీ చూడటం, ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. కోర్టుల చుట్టూ తిరిగిన ఆ కేసులో చివరికి 2023లో అక్కడి సుప్రీంకోర్టు 3-2తో ఫ్లాట్ల వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. గాజు గోడల్లోంచి వాళ్లకు కనబడేదానికి లోటేం లేదు, ఇంట్లో ప్రశాంతంగా కూర్చునే వీలే లేకపోయింది. నా సంగతీ అలాంటిదే. వంటింట్లో లైటు వేస్తే చాలు, ఎదురు బాల్కనీలో ఆయన, నేను ముఖాముఖీ. ఆయన తప్పూ కాదు, నా తప్పూ కాదు. పిట్టగోడ గారూ, ఆ చెట్ల వెనక బ్లాక్ ఎంత దూరం? ఆకులు రాలాక ఏం కనబడుతుంది?

ప్లాన్ గీసేవాణ్ణి: దూరం మంచి ప్రశ్న. యూరప్‌లో 2018లో వచ్చిన ఈఎన్ 17037 ప్రమాణం, కిటికీలోంచి కనబడేదాన్ని మూడు పొరలుగా చూస్తుంది: ఆకాశం, ఎదుటి దృశ్యం, నేల. ఎదురుగా ఉన్నది కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి; ఉత్తమ స్థాయికి 50 మీటర్లు, మూడు పొరలూ కనబడాలి. పై అంతస్తుల్లో కుర్చీలో కూర్చుంటే చాలాసార్లు నేల మాయం. మనుషులు కనబడాలంటే లేచి కిటికీ దగ్గరికి వెళ్లాలి. కింద అంతస్తుల్లో గది లోపలినుంచి ఆకాశం కనబడదు. మీరేమో ఇల్లు చూడటానికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడి చూసొస్తారు! సోఫా వేసేచోట కూర్చుని చూడండి.

లెక్కల మాస్టారు: ఇంకో మాట. వ్యూ మీ పేరు మీద రిజిస్టర్ కాదు. ఇంగ్లండ్‌లో 1610 నాటి ఆల్డ్రెడ్ కేసులోనే, అందమైన దృశ్యం పోయిందని దావా వేయడం కుదరదన్నారు. ముందున్న స్థలంలో రేపు టవర్ లేస్తే, కట్టిన డబ్బు తిరిగిస్తారా?

పిట్టగోడ: పైదాని ముందు ఖాళీ స్థలమే ఉంది. అదెవరిదో కనుక్కోవాలి. మూడో అంతస్తుని చీకటి పడ్డాక, లైట్లు వేసి ఇంకోసారి చూస్తాను.

తెర వెనక: చెట్లు మీ కాంపౌండ్ లోపలివా, బయటివా? బయటివైతే వాటికీ మాస్టారు చెప్పిందే వర్తిస్తుంది.